అద్దంలో నేను పడకుండా

జులై 9, బుధవారం

బుడుంగూ,

ఇవాళ నీ ఫోను తెరిచాను. అరవకు. నీ ఫోను ఎవరైనా ముట్టుకుంటే నీకెంత ఒళ్ళుమంటో నాకు తెలుసు. నా కంట పడకూడదని మీ నాన్న బీరువాలో నీ చున్నీల అడుగున పెట్టాడు. చున్నీల కోసం వెళ్ళాను, ఇది దొరికింది. ఛార్జింగు పెడితే బతికింది. తాళం అంకెలు నువ్వు నొక్కేటప్పుడు చూసేదాన్నిలే.

తెరవగానే ఒకటే టకటక. అందరి మాటలూ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. కళ్ళజోళ్ళ షాపులో నీతో పనిచేసిన పిల్లలవి, నీ స్నేహితురాళ్ళవి. అన్నీ ఏడుపులే. చదవలేకపోయాను. నీలా సముద్రపు చేపలు పెంచుకునేవాళ్ళ ఆ ఉప్పునీళ్ళ గ్రూపులో మాత్రం ఎవరికీ ఏమీ తెలియదు. "చెల్లీ, ఆదివారం ఫోటో ఏదీ?" అని ఒకాయన. "చెల్లి పెళ్ళి చేసుకుని మనల్ని మర్చిపోయింది" అని ఇంకొకాయన. "పిలవకుండా చేసుకుంటుందా, తంతాను" అని ఎవరో. ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు. నువ్వింకా బతికే ఉన్న ఊరొకటి ఆ ఫోనులో ఉంది.

చెప్పేద్దామనే కూర్చున్నా. మేలో జ్వరం వచ్చిందనీ, ఆసుపత్రికి వెళ్ళిన పిల్ల ఇంటికి రాలేదనీ. "అమ్మాయి" వరకు కొట్టాను. ఆ తర్వాత అక్షరాలు దొరకలేదు. ఐదో తరగతి చదువుకి ఫోనులో అక్షరాలు వెతకడమంటే బియ్యంలో రాళ్ళు ఏరినట్టే కదా. చెరిపేశాను.

వాళ్ళు అడిగింది ఫోటోనే కదా అని నీ గదిలోకి వెళ్ళి చేపల ట్యాంకుని ఒక ఫోటో తీశాను. సిరా ఒలికినట్టు మొత్తం నీలం. చేపలు లేవు, రాళ్ళు లేవు, నీ ఊదా పగడపు కొమ్ము లేదు. కంటికి అంత బాగా కనిపించేది ఫోనులో ఎటు పోతుందే?

పెట్టలేదులే.

జులై 10

ట్యాంకు ఎవరైనా షాపువాళ్ళకి ఇచ్చేద్దాం అన్నాడు మీ నాన్న. ఆ గదివైపు చూడడు, అయినా అదే మాట.

చేపలకి మేత వేశాను. మొగుడూ పెళ్ళాలిద్దరూ బాగున్నారు. పెళ్ళాం ఎప్పట్లాగే మొగుణ్ణి పొడుస్తోంది.

ఒకటి చెప్తాను నవ్వకు. నీళ్ళు తగ్గట్లేదు. నువ్వు ఉన్నప్పుడు రోజూ ఆవిరైపోతే, అద్దం మీద గోళ్ళరంగుతో పెట్టిన గీత దాకా మంచినీళ్ళు పోసేదానివి కదా. నేను ఒక్కరోజూ పోయలేదు, నాకు గుర్తే లేదు. చూస్తే నీళ్ళు సరిగ్గా గీత దగ్గరే ఉన్నాయి.

నేనేమీ అనుకోవట్లేదు. ఊరికే రాస్తున్నా.

జులై 13, ఆదివారం

ఫోటో పెట్టాను. ఒక్కటే.

నీ ఫోను కవరు వెనకాల జేబులో, మెత్తటి గుడ్డలో చుట్టి ఒక కళ్ళద్దం దొరికింది. ఒంటికన్ను అద్దం, పసుపు రంగు. మీ షాపుదే అయ్యుంటుంది. దేనికో తెలియలేదు. తర్వాత గ్రూపులో వెతుకుతుంటే నువ్వు పంపిన వాయిస్ దొరికింది. ఎవరో కొత్తాయన "నా ఫోటోలన్నీ నీలంగా వస్తున్నాయి చెల్లీ" అంటే నువ్వు చెప్పింది.

నీ గొంతు. తలుపు గడియ పెట్టి విన్నాను.

"అన్నా, ముందు అద్దం తుడవండి, లోపలా బయటా. గదిలో లైటు ఆపేయండి. ఫ్లాష్ జోలికి పోవద్దు. అద్దానికి ఎదురుగా నిలబడండి, పక్కనుంచి తీస్తే వంకరపోతుంది. నీలం లైటు మన కళ్ళకి బాగుంటుంది కానీ ఫోనుకి మతిపోతుంది, అందుకని పసుపు అద్దం అడ్డం పెట్టండి. కావలసిన చోట వేలుతో నొక్కి పట్టుకోండి, వెలుగు తగ్గించండి. పగడాలు కదలకుండా ఉండాలంటే అలల మోటార్లు ఆపేయండి..."

అక్కడ వెనకాల నుంచి నా గొంతు వస్తుంది. "బుడుంగూ, అన్నం చల్లారిపోతోందే" అని. అక్కడ ఆపేశాను. ఆ పిలుపు వినలేను. ఏ రోజు పిలిచానో కూడా తెలియదు, రోజూ పిలిచేదాన్నే కదా.

నువ్వు చెప్పినట్టే చేశాను. మోటార్లు మాత్రం ఆపలేదు, ఆ ప్లగ్గుల గుత్తి చూస్తే నాకు భయం. ఎన్ని తీశానో! ఒకదాంట్లో నా బొటనవేలు, ఒకదాంట్లో చేప తోక. చివరికి ఒకటి కుదిరింది. ఊదా కొమ్ము మొదట్లో ఆకుపచ్చగా మెరుస్తోంది, కొసల్లో పాలరంగు. అచ్చం నువ్వు తీసినట్టే ఉంది.

నేనేమీ రాయలేదు. ఫోటో పెట్టాను, అంతే. ఫోటో అబద్ధం కాదు. ట్యాంకు ఉంది, కొమ్ము ఉంది.

జులై 14

అరవై మందికి పైగా గుండె గుర్తులు పెట్టారు. "చెల్లి వచ్చేసింది!" అని.

లాండ్రీలో ఇస్త్రీ చేస్తూ మధ్యలో ఫోను చూస్తున్నా. పక్క బల్ల మీద చేసే పెద్దావిడ, "ఏంటమ్మా, కొత్త పెళ్ళికూతురిలా ముసిముసి నవ్వులు? కాలర్ కాలుతోంది చూసుకో" అంది. కాలర్ నిజంగానే కాలింది. కానీ నన్ను కాల్చింది అది కాదు. నేను నవ్వుతున్నానట. నువ్వు పోయి మూడో నెల కూడా నిండలేదు.

జులై 16

ఉప్పక్క రాసింది.

ఆవిడే, నీకు ఊదా కొమ్ము ముక్క పంపినావిడ. బస్సులో పార్సిల్ వస్తే నేనే వెళ్ళి తెచ్చాను, చిన్నపిల్లని మోసినట్టు ఒళ్ళో పెట్టుకుని. వేలెడంత ఉండేది. ఇప్పుడు నా రెండు చేతులంత అయింది. మీరిద్దరూ ఒక్కసారి కూడా ముఖాముఖి చూసుకోలేదు, అయినా రోజూ కబుర్లే.

ఏం రాసిందో తెలుసా. "ఏమే, అద్దంలో ఎవరో ఎర్ర నైటీ అమ్మగారు కనిపిస్తున్నారు. మీ అమ్మేనా?"

ఫోటో పెద్దది చేసి చూశాను. నిజమే. కొమ్ము పక్కన మసగ్గా నేను. ఫోను పట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని, దొంగలాగా. ఇన్నాళ్ళకి నా మొహం నేను చూసుకున్నాను.

"అవును. మా అమ్మ" అని రాశాను.

రాసి, మళ్ళీ చదువుకున్నా. మా అమ్మ. నా చేత్తో నేనే రాసుకున్నాను.

"ఎలా ఉన్నారు?" అంది.

"బాగానే ఉంది. కొంచెం పిచ్చిది" అని రాశాను. నవ్వు బొమ్మ కూడా పెట్టాను. నువ్వు పెడతావు కదా.

జులై 18

నువ్వు ఎలా రాస్తావో తెలియాలి కదా అని నువ్వూ ఉప్పక్కా మాట్లాడుకున్నవి చదివాను. తప్పే. ఎదిగిన కూతురి మాటలు తల్లి చదవకూడదు. అలా అనుకుంటూనే చదివాను.

"మా అమ్మ ఇస్త్రీ చేస్తే నీళ్ళు కూడా మడతల్లేకుండా ఉంటాయి" అన్నావు. "మా నాన్న లిఫ్టులు బాగుచేసీ చేసీ, ఇంట్లో కూడా పైకా కిందకా అన్నట్టు తలూపుతాడు, నోరు తెరవడు" అన్నావు. ఒక చోట ఒట్టు పెట్టుకున్నారు మీరిద్దరూ. ఎవరి కొమ్ము చచ్చిపోతే రెండోవాళ్ళు తమ దాంట్లోంచి ఒక ముక్క విరిచి ఇవ్వాలి. "అలా అయితే ఇది ఎప్పటికీ చావదు అక్కా, ఎవరో ఒకరింట్లో బతికే ఉంటుంది" అన్నావు.

అలాగే ఉండాలి అనుకున్నా. అందుకే ఇదంతా చేస్తున్నా. అందుకే.

జులై 20, ఆదివారం

ఈసారి అద్దంలో నేను పడకుండా ఉండాలని నల్లటి బట్ట కోసం వెతికాను. మీ నాన్న రెయిన్‌కోటు తప్ప నల్లనిది ఏదీ లేదు. అది తొడుక్కుని, టోపీ కూడా తలమీదికి లాక్కుని, కర్టెన్లు వేసి, చీకట్లో ట్యాంకు ముందు నిలబడ్డాను. అప్పుడే తలుపు తెరిచాడు.

చూశాడు. చూసి, "ఇంట్లో వాన పడుతోందా?" అన్నాడు.

మేలో నువ్వు పోయాక మీ నాన్న ఆడిన మొదటి వేళాకోళం అది. నాకు నవ్వొచ్చింది. ఆయనకీ మూతి వంకరపోయింది. ఆ క్షణంలో చెప్పేసి ఉండాల్సింది. "అద్దం తుడుస్తున్నా, తడుస్తానని" అన్నాను. ఫోను కోటు జేబులోకి తోసేశాను. ఆయన తలూపి వెళ్ళిపోయాడు. పైకా, కిందకా.

ఫోటో బాగా వచ్చింది. నేను లేను అందులో.

జులై 23

ఉప్పక్క ఇంట్లో నీళ్ళు వెచ్చబెట్టే కడ్డీ పాడై ఆగకుండా మరిగిపోయిందట. ఆవిడ బ్యాంకు నుంచి వచ్చి చూసేసరికి నీళ్ళు కాగినట్టు ఉన్నాయట. అన్నీ పోయాయి. తల్లి కొమ్ము కూడా.

"ఏడుపొస్తోందే. కానీ నీ దగ్గర ఉంది కదా. మన ఒట్టు గుర్తుందా?" అంది.

"ఉంది అక్కా" అన్నాను. ఆ మాటలో నాకు సిగ్గు అనిపించలేదు. ఇస్తాను కదా, నిజంగానే ఇస్తాను. ఇచ్చేటప్పుడు నిజం చెప్తాను.

జులై 27, ఆదివారం

ఎక్కడ విరవాలో చూసి చెప్తాను, పైనుంచి ఒక మంచి ఫోటో తియ్యి, మోటార్లు ఆపి తియ్యి, నీళ్ళు అల్లాడితే ఏమీ కనిపించదు అంది ఉప్పక్క. అడిగింది ఆవిడ కదా, కాదనలేను.

మధ్యాహ్నం ప్లగ్గుల గుత్తి దగ్గర కూర్చున్నా. ఏది అలల మోటారో, ఏది నీళ్ళు తిప్పే మోటారో. లైటు ఒక్కటి వదిలేసి అన్నీ ఆపేశాను. ఒక్కసారి ఇల్లంతా నిశ్శబ్దం. ఆ హోరు ఇన్నాళ్ళూ నా చెవుల్లో ఉందని ఆగాకే తెలిసింది. నీళ్ళు పలకలాగా అయ్యాయి. స్టూలెక్కి పైనుంచి చూశాను. బుడుంగూ, ఎంత బాగుందే! ఒక్కో కొమ్ముకీ చిన్న చిన్న పువ్వులు, ఊపిరి కూడా తీయనట్టు నిలబడి ఉన్నాయి. పసుపు అద్దం అడ్డం పెట్టి, వెలుగు తగ్గించి తీశాను. ఒక్క దెబ్బకే కుదిరింది.

గ్రూపంతా ఊగిపోయింది. "చెల్లి ఇప్పటిదాకా తీసినవాటిలో ఇదే గొప్పది" అన్నారు. ఉప్పక్క అయితే "బంగారం, నీ చేతులు ముద్దుపెట్టుకోవాలి" అంది. అందరికీ జవాబులు రాశాను. ఒక్కొక్కరికి. వంట కూడా చేయలేదు. మీ నాన్న ఏదో తిని పడుకున్నాడు.

నాకు చాలా బాగుంది ఇవాళ. రాయకూడదు కానీ బాగుంది.

జులై 28

మోటార్లు వేయలేదు.

జులై 29, మంగళవారం

నిన్న ఇంకేమీ రాయలేకపోయాను.

ఆదివారం రాత్రంతా, సోమవారం పొద్దంతా. పొద్దున్న మేత వేసే తీరిక కూడా లేకుండా ఫోను చూసుకుంటూ లాండ్రీకి పోయాను. సాయంత్రం వచ్చి తలుపు తీస్తే మురుగు వాసన. చేపలు రెండూ నీళ్ళ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. అప్పుడు వినిపించింది నాకు, ఆ నిశ్శబ్దం. పరుగెత్తి అన్నీ వేశాను. చేపలు తేరుకున్నాయి. కొమ్ము తేరుకోలేదు. పైనుంచి చర్మం ఊడినట్టు పొరలు పొరలుగా ఊడి నీళ్ళలో తేలుతోంది. లోపల తెల్లగా ఎముక.

నీ వాయిస్ ఇవాళ చివరిదాకా విన్నాను. నా పిలుపు దగ్గర ఆపలేదు.

"బుడుంగూ, అన్నం చల్లారిపోతోందే." "వస్తున్నానమ్మా! ... ఆ, అన్నా, అసలు సంగతి మర్చిపోయా. ఫోటో అవగానే మోటార్లు వేసేయండి. ఫోనులో అలారం పెట్టుకోండి, గోడ మీద రాసుకోండి, ఏం చేస్తారో నాకు తెలియదు. వాటికి ఊపిరి ఆడదు. సరే, మా అమ్మ కొట్టేలా ఉంది, ఉంటా."

ఇంకొక్క నిమిషం విని ఉంటే చాలు. నా గొంతు నేను వినలేక నీ మాట పూర్తిగా వినలేదు.

జులై 31

సగం తెల్లబడింది. ఉప్పక్క అడిగింది, "కొమ్ము ఎలా ఉంది బంగారం?"

ఆదివారం తీసిన ఫోటోనే మళ్ళీ పెట్టాను, కొంచెం పక్కకి కత్తిరించి. "బాగుంది అక్కా" అని.

ఫోటో అబద్ధం కాదని రాసుకున్నాను కదా ముందు. ఆ పేజీ వెనక్కి తిప్పి చూడబుద్ధి కాలేదు.

ఆగస్టు 3, ఆదివారం

మొత్తం తెల్లబడింది. పండిన జుట్టులా.

ఉప్పక్క వచ్చే ఆదివారం వస్తానంది. పార్సిల్ వద్దట, తనే వచ్చి తీసుకుంటుందట. "నిన్ను చూడాలే. మీ పిచ్చి అమ్మని కూడా" అంది.

ఆగస్టు 5, మంగళవారం

ఇది రాయకుండా ఉండాలనే చూశాను.

నేను వంటింట్లో ఉంటే నీ గదిలోంచి చప్పుడు. మీ నాన్న ట్యాంకు ముందు నేలమీద కూర్చుని ఉన్నాడు. పక్కన మగ్గు.

"ఏమే, ఇది చచ్చిపోయింది కదా" అన్నాడు.

నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"నేనే" అన్నాడు. "రోజూ డ్యూటీకి వెళ్ళేముందు నువ్వు స్నానానికి పోగానే నీళ్ళు పోస్తున్నా. పిల్ల గీత పెట్టింది కదా, ఆ గీత దాకా. మొన్న ఒకరోజు చెయ్యి జారి గీత దాటాయి. మంచినీళ్ళు ఎక్కువైతే ఉప్పు పలచబడిపోతుందని ఎప్పుడో చెప్పింది నాకు. నేనే చంపేశాను."

నువ్వు పోస్తున్నావనుకున్నానే నేను. పిచ్చిదాన్ని. ఇచ్చేద్దాం ఇచ్చేద్దాం అంటూనే రోజూ పొద్దున్నే దొంగలా వచ్చి నీళ్ళు పోసింది ఆయన.

నేను "కాదు" అనాలి. నోట్లో అదొక్క మాటే ఉంది. కాదు, మోటార్లు ఆపింది నేను. అంతే కదా, ఎంత మాట అది. అంటే ఫోను సంగతి చెప్పాలి. ఫోను సంగతి చెప్తే నెల రోజులుగా నువ్వై బతుకుతున్నానని చెప్పాలి.

"పోనీండి, ఏం చేస్తాం" అన్నాను.

మీ నాన్నని ఓదార్చాను. భుజం మీద చెయ్యి వేసి ఓదార్చాను బుడుంగూ. ఇంతకంటే నీచం ఉంటుందా.

ఆయన రాత్రి తినలేదు.

ఆగస్టు 6

తినలేదు. టీ మాత్రం తాగాడు.

ఆగస్టు 8, శుక్రవారం

ఉప్పక్కకి చెప్పేశాను. అక్షరాలు ఒక్కొక్కటి ఏరుకుంటూ కూర్చున్నా. "నేను చెల్లిని కాదు. చెల్లి అమ్మని. చెల్లి మేలో పోయింది. ఈ నెల రోజులుగా రాసింది నేనే. మోటార్లు ఆపి కొమ్మును కూడా నేనే చంపాను. నువ్వు రావద్దమ్మా, ఇవ్వడానికి ఏమీ లేదు."

చదివినట్టు గుర్తు వచ్చింది. జవాబు లేదు. సాయంత్రానికి వచ్చింది.

"అమ్మగారూ, చెల్లి పోయిందని తెలిసి నేను ఏడవాల్సిన రోజుల్లో నాచేత ముద్దులూ గుండె గుర్తులూ పెట్టించుకున్నారు మీరు. అది పోయాక కూడా నేను నవ్వుతూ తిరిగాను. ఇప్పుడు ఎప్పుడు ఏడవాలి నేను?"

నిజమే అంది కదా. అక్షరం అక్షరం నిజం.

కాసేపటికి మళ్ళీ: "ఆదివారం వస్తాను. దాని గది చూడాలి."

ఆగస్టు 9

ఆవిడ వచ్చేలోగా ట్యాంకు అయినా శుభ్రంగా ఉండాలని అద్దం తుడిచాను, లోపలా బయటా. సాయంత్రం, నీలం లైటు ఒక్కటే వెలిగే వేళ. తెల్లటి కొమ్ము నీలంగా కనిపిస్తోంది. చచ్చిపోయినదానికి ఒక ఫోటో తీసి ఉంచుకుందామనిపించింది. ఎవరికీ పెట్టడానికి కాదు. మోటార్లు ముట్టుకోలేదు. నల్ల కోటు వేసుకోలేదు. పడితే పడనీ, నేనే కదా.

పసుపు అద్దం అడ్డం పెట్టగానే కొమ్ము మాయమైపోయింది. ఎముక మెరవదు కదా, మొత్తం చీకటి. ఆ చీకట్లో, కింద రాతికి అంటుకున్న చోట, ఆకుపచ్చ చుక్క. దగ్గరికి లాగి చూశాను. చింతగింజంత. చుక్క అంచున చిన్న పువ్వులు రెండు మూడు తెరుచుకుని ఉన్నాయి.

అద్దం తీసేస్తే కనిపించట్లేదు. పెడితే కనిపిస్తోంది. తీసి పెట్టి, తీసి పెట్టి చూశాను.

"ఏమండీ, ఒకసారి రండి" అని పిలవబోయి ఆగిపోయాను. ఏం మొహం పెట్టుకుని పిలవను.

ఆగస్టు 10, ఆదివారం

వచ్చింది. నేననుకున్నంత చిన్నదేమీ కాదు, కణతల దగ్గర నెరిసిన జుట్టు. గుమ్మంలో నన్ను చూసి, "ఎర్ర నైటీ" అంది. అంతే అంది. చెప్పులు విడిచి నీ గదికి దారి అడగకుండానే వెళ్ళింది. ఫోటోల్లో చూసీ చూసీ తెలిసిపోయింది కాబోలు. నీ మంచం మీద కూర్చుని ఏడ్చింది. నేను బయట నిలబడ్డాను. లోపలికి వెళ్ళే హక్కు నాకు లేదనిపించింది.

మీ నాన్న మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. గ్రూపులో స్నేహితురాలు అని మాత్రం చెప్పాను ఆయనకి.

నేను పసుపు అద్దం ఇచ్చి, ఆ చుక్క చూపించాను. చాలాసేపు వంగి చూసింది. "బతికే ఉంది" అంది. "తీసుకెళ్ళమ్మా, నీ ఒట్టు" అన్నాను. "ఇంత చిన్నదాన్ని విరిస్తే ఇద్దరికీ మిగలదు. ఇక్కడే ఉండనీయండి. పెరిగాక చూద్దాం" అంది.

అప్పుడు మీ నాన్న వెనకనుంచి, చేతులు కట్టుకుని, పెద్ద ఆఫీసరు ముందు నిలబడినట్టు నిలబడి అన్నాడు, "నా వల్లే అయింది తల్లీ. నీళ్ళు గీత దాటించాను. పిల్ల ఎంత ముచ్చటగా పెంచింది."

ఉప్పక్క నావైపు చూసింది. ఆవిడకి తెలుసు కదా. చూస్తూ ఉంది. నేను చెప్తానని ఎదురుచూసింది.

నేను గిన్నెలు సర్దాలని వంటింట్లోకి పోయాను.

ఆవిడ వెళ్ళేటప్పుడు గేటు దగ్గర మెల్లగా అంది: "నాకు చెప్పారు, నేను తట్టుకున్నాను. ఆయన తట్టుకోలేడనుకుంటున్నారా, మీరు తట్టుకోలేరా?" బస్సుకి టైమైందని వెళ్ళిపోయింది. ఏమీ తినలేదు. బలవంతం చేయడానికి నాకు నోరు రాలేదు.

ఆగస్టు 11, సోమవారం పొద్దున

బుడుంగూ, ఈ పూట నీకు రాయట్లేదు. మీ నాన్నకి రాస్తున్నాను. అలగకు.

ఏమండీ,

ఈ పుస్తకం వంటింట్లో గట్టు మీద పెట్టి లాండ్రీకి వెళ్తున్నాను. పసుపు అద్దం ఇందులోనే పెట్టాను. మొదటి నుంచి చదవండి. నా రాత కోడి కెలికినట్టుంటుంది, కళ్ళజోడు పెట్టుకోండి. నోటితో చెప్పాలని మంగళవారం నుంచి చూస్తున్నాను, మీ మొహం చూస్తే మాట లోపలికి పోతోంది. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి. నాతో మాట్లాడొద్దనిపిస్తే మాట్లాడొద్దు. సాయంత్రం వచ్చాక మీ ఎదురుగా కూర్చుంటాను, మళ్ళీ వంటింట్లోకి పారిపోను.

మీరు చంపలేదు. గీత దాటిన ఆ కాసిని నీళ్ళతో ఏమీ కాలేదు. రోజూ మీరు పోసిన నీళ్ళతోనే అది అన్నాళ్ళూ పెరిగింది. మోటార్లు ఆపింది నేను. ఫోటో కోసం ఆపాను. వేయడం మర్చిపోయాను.

గ్రూపులో కూడా ఇవాళ పొద్దున్నే రాసేశాను, అమ్మాయి లేదని. ఫోను మళ్ళీ చున్నీల కింద పెట్టాను. దాని గొంతు అందులో ఉంది, వినాలనిపిస్తే వినండి. చివరిదాకా వినండి, మధ్యలో నేను పిలుస్తాను, అక్కడ ఆపకండి.

నీలం లైటు సాయంత్రం వెలుగుతుంది. రాతి మొదట్లో, ఎడమవైపు, అద్దం కంటికి అడ్డం పెట్టుకుని చూడండి. నీళ్ళు ఇవాళ నేను పోయలేదు. అది మీ పని.

అన్నం గిన్నెలో ఉంది, మూత పెట్టాను. కూర పక్కన ఉంది. మీరు మళ్ళీ పస్తు పడుకోవద్దు. కడుపునిండా తినండి.